మా అమ్మ పేరు మీద ఉజ్జీవ మహాసభలు వద్దు: మన సంఘ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

పాస్టరు అయ్యగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కలకు, యూత్ తమ్ముళ్లకు వందనాలు.

ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి, ఇటీవల మనల్ని విడిచిపోయిన మా అమ్మ జ్ఞాపకార్థం వచ్చే ఫిబ్రవరిలో మూడు రోజులు ఉజ్జీవ మహాసభలు పెట్టాలని కమిటీలో తీర్మానం అయిందనీ, చందా పుస్తకాలు కూడా కొట్టించారనీ తమ్ముడు చెప్పాడు. పోస్టర్ నమూనా నాకు వాట్సాప్‌లో వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చే ప్రసంగీకుడి ఫోటో నిలువెత్తున ఉంది, మూలన పాస్‌పోర్ట్ సైజులో అమ్మ ఉంది, అమ్మ ఫోటో కిందనే "రోగులు, అప్పుల బాధలో ఉన్నవారు, సంతానం లేనివారు తప్పక రండి, అద్భుతాలు చూడండి" అని ఎర్రక్షరాలు. అది చూసిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్ చేసి చెప్తే అది మా ఇంటికీ కమిటీకీ మధ్య గొడవగా మిగిలిపోతుంది. ఇది మా ఒక్క ఇంటి విషయం కాదు కాబట్టి, అందరూ చదవాలనే ఇలా రాస్తున్నాను.

అమ్మ మీద మీకు ప్రేమ లేదని నేను అనట్లేదు. ఆమె పెట్టె మోసింది మీరే, సమాధి దగ్గర ఎండలో నిలబడి పాటలు పాడింది మీరే. ఆ ప్రేమతోనే ఏదో ఒకటి ఘనంగా చేయాలనుకున్నారు, నాకు తెలుసు. కానీ ఆమె బతికినంత కాలం ఏ పద్ధతిలో సువార్త చెప్పిందో, సరిగ్గా దానికి ఎదురు పద్ధతిలో ఆమెను తలుచుకుందాం అంటే కూతురిగా నేను ఒప్పుకోలేను.

ఇప్పటి పిల్లలకు బైబిల్ ఉమెన్ అంటే తెలీదు. పాస్టరమ్మ అనుకుంటారు, లేకపోతే సండే స్కూల్ టీచరు అనుకుంటారు. మిషన్ రోజుల్లో ఊరూరికీ తిరిగి, మగ బోధకులు అడుగు పెట్టలేని వంటిళ్లలోకీ పెరళ్లలోకీ వెళ్లి, ఆడవాళ్ల పక్కన కూర్చుని వాక్యం చెప్పటమే ఉద్యోగంగా ఉన్న ఆడమనిషి బైబిల్ ఉమెన్. చదువుకోని వాళ్లకు అక్షరాలు దిద్దించటం, బాలింతలను చూసి రావటం, ఉత్తరాలు రాసి పెట్టటం, అన్నీ అందులో భాగమే. అమ్మ పెళ్లికి ముందే బైబిల్ ట్రైనింగ్ స్కూల్లో చదివి ఆ పనిలో చేరింది. జీతం మన సంఘమూ మిషనూ కలిసి ఇచ్చేవి, ఆ జీతం సంగతి ఇక్కడ రాస్తే మీరే ఇబ్బంది పడతారు కాబట్టి వదిలేస్తున్నా. రిటైర్ అయ్యాక కూడా కాళ్లు ఆడినంత కాలం ఆ పని మానలేదు.

ఎలా చెప్పేదో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నా బాధంతా ఆ "ఎలా" గురించే.

మన వైపు జనవరి, ఫిబ్రవరి అంటే పొగాకు రోజులు. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌ల దగ్గర చెట్టు కిందో పందిరి కిందో ఆడవాళ్లంతా వరసగా కూర్చుని పచ్చాకు కర్రలకు కడుతుంటారు, తల ఎత్తటానికి కూడా తీరిక ఉండదు, ఎన్ని కర్రలు కడితే అంత కూలి. అమ్మ అక్కడికి వెళ్లి నిలబడి ప్రసంగం మొదలుపెట్టేది కాదు. చీర కుచ్చిళ్లు దోపుకుని వాళ్ల మధ్యన చతికిలబడి, ఎవరి ఆకు వెనకబడిందో చూసి, వాళ్ల కర్ర అందుకుని కట్టటం మొదలుపెట్టేది. ఆ జిగురు చేతులకు అంటి నల్లగా గట్టిపడిపోతుంది, సబ్బుకు ఒక పట్టాన వదలదు. ఇంటికొచ్చాక ఆ చేతులతో అన్నం కలిపితే చేదు తగిలేది మాకు. చేతులు ఆకు కడుతుంటే నోరు కథ చెప్పేది. పోయిన వెండి నాణెం కోసం దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చుకున్న ఆడమనిషి కథ చెప్తే, "అవును మరి, కూలి డబ్బులు కదా" అని ఎవరో ఒకరు అందుకునేవాళ్లు. ఆమె కట్టిన కర్రల కూలి ఆమెది కాదు, ఎవరి కర్ర అయితే వాళ్లదే.

ఊరి బయట ఉన్న పల్లెలో బోరింగు దగ్గర ఆమె సమరయ స్త్రీ కథ చెప్తుండగా నేను విన్నాను. ఆ పల్లెలో అప్పటికింకా పెద్దవాళ్లకు ఊరి బావి గుర్తుంది, దూరంగా నిలబడి ఎవరైనా దయతలచి కడవలో నీళ్లు పోస్తారా అని ఎదురుచూడటం గుర్తుంది. యూదులు సమరయుల చేతి నీళ్లు ముట్టరు, అలాంటిది యూదుడైన యేసే ఆమెను నీళ్లు అడిగాడు అని అమ్మ అనగానే ఒక ముసలమ్మ కడవ కింద పెట్టేసి "అడిగాడు సరే, తాగాడా మరి?" అంది. అందరూ అమ్మ మొహం చూశారు. "తాగినట్టు అక్కడ రాయలేదు పెద్దమ్మా, అడిగినట్టే రాశారు" అంది అమ్మ. తాగాడు అని చెప్పేస్తే ఆ ముసలమ్మ సంతోషించేది, కథ కూడా బాగా పండేది. కానీ రాయని మాట ఆమె నోట్లోంచి రాలేదు. ఆ ముసలమ్మ తర్వాత చాలా రోజులు "రాయలేదంటావా?" అని మళ్లీ మళ్లీ అడిగేది. అలా అడిగి అడిగే వాక్యంలోకి వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, అద్భుతాలు చూడండి అన్న మాట పైన ఈమె ఫోటో ఎలా వేస్తారు?

జబ్బుల సంగతే తీసుకోండి. ప్రార్థన చేయమని ఎవరు అడిగినా చేసేది, కాదనేది కాదు. కానీ నమ్ముకుంటే తగ్గిపోతుందని ఏ ఒక్కరికీ మాట ఇవ్వలేదు. పల్లెలో టీబీ వచ్చిన ఒకతన్ని ఇంట్లోవాళ్లు నూనె ప్రార్థనల చుట్టూ తిప్పుతుంటే, అమ్మ బస్సెక్కించి గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్లి పేరు రాయించింది. ఆరు నెలల మందు. రెండో నెలకే దగ్గు తగ్గింది కదా అని అతను మానేయబోతే, రోజూ పొద్దున్నే వెళ్లి ఎదురుగా నిలబడి మింగించేది. "ప్రార్థన నేను చేస్తా, బిళ్ల నువ్వు మింగు" అనేది. నేను నర్సింగ్‌లోకి వచ్చింది ఆ మాట వినే. ఇవాళ వార్డులో పని చేస్తూ, సభల్లో స్వస్థత అయిపోయిందని చెప్తే షుగరు మందు ఆపేసి కాలు మీదకు తెచ్చుకున్న వాళ్లను చూస్తున్నాను. అందులో మన వైపు వాళ్లు కూడా ఉంటున్నారు, నన్ను గుర్తుపట్టి అమ్మ పేరు చెప్పి పలకరిస్తారు. నాకు నోట మాట రాదు.

మన చరిత్ర మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, ఒక ముక్క గుర్తు చేస్తాను, ఎందుకంటే అమ్మ దీన్ని బాప్తిస్మానికి ముందు ప్రతి ఒక్కరికీ చెప్పేది. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలవలో కొంత దూరం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. వేలమంది వచ్చి మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు. పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. గంజి కోసం వస్తున్నారో దేవుడి కోసం వస్తున్నారో వాళ్లకే తేలాలి అని. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు, అప్పుడు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు అయ్యాయి. నీళ్లలో దిగి ఇచ్చింది దొర కాదు, మన తెలుగు బోధకులే. ఆ 2,222 అన్న అంకె మన సభల్లో అందరూ చెప్తారు, చప్పట్లు కొడతారు. ఆ పదిహేను నెలల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. అమ్మ ఆ పదిహేను నెలల గురించే చెప్పేది. బాప్తిస్మం అడిగిన ఏ ఆడమనిషినైనా "ఇంట్లో పెద్దోళ్లతో చెప్పావా? వాళ్లేమన్నారు? తొందరేం లేదు, పంట అయ్యాక మాట్లాడదాం" అని వెనక్కి పంపేది. దీని మీద అప్పటి పెద్దలు కొందరు అమ్మ మీద కంప్లయింట్ కూడా పెట్టారు, లెక్కలు తగ్గుతున్నాయని. ఆమె మారలేదు.

లాభం కోసం మతం మారతారని మనల్ని అంటుంటారు కదా, ఆ మాట నాకు మహా కోపం తెప్పిస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన మన దళితులకు ఎస్సీ హోదా లేకుండా పోయింది, ఇక్కడ బీసీ-సీ అని ఒక్క శాతం రిజర్వేషన్ మిగిలింది. తెలిసి తెలిసి ఆ నష్టాన్ని నెత్తిన పెట్టుకున్న మనుషులు అమ్మ తరంలో ఎందరో. అమ్మ నా సర్టిఫికెట్‌లో ఉన్నది ఉన్నట్టే రాయించింది, దాంతో ఒక సీటు పోయింది కూడా. అంత ఖరీదు కట్టి నిలబడిన విశ్వాసాన్ని పోస్టర్ మీద "అప్పుల బాధలో ఉన్నవారు తప్పక రండి" అని పెట్టి అమ్మకానికి పెట్టినట్టు చేస్తే, మనల్ని అనేవాళ్లకు మనమే మాట అందించినట్టు అవ్వదా?

యూత్ తమ్ముళ్లూ, మీకు ఇంకో మాట. శ్రీరామనవమికి వాళ్లు నాలుగు బాక్సులు పెడితే క్రిస్మస్‌కు మనం ఆరు పెట్టాలి అన్న పంతం మీలో చూస్తున్నాను. మన మతం చెప్పుకునే హక్కు మనకు ఉందక్కా అంటారు. ఉంది. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది, ఎవరూ తీసేయలేరు, తీసేయబోతే నేనూ మీతో రోడ్డు మీదకు వస్తాను. చెప్పుకునే హక్కులో ఎదుటి మనిషిని మార్చే హక్కు కలిసి లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు అంది, ఆ తీర్పు మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. అమ్మకు ఆ కేసు తెలీదు. కానీ ఎవరైనా "ఎంతమందిని మార్చావమ్మా?" అని అడిగితే "మార్చటానికి నేనెవర్ని నాయనా, చెప్పటం వరకే నా పని" అనేది, ఆ మాట మీలో పెద్దవాళ్లు చాలామంది విన్నదే.

ఒకసారి మన మందిరం ముందే జరిగిన కూటాల్లో బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు మైకులో ఎదుటివాళ్ల దేవుళ్లను రాళ్లూ రప్పలూ అని ఎగతాళి చేశాడు. ఊరంతా వినపడింది. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున అమ్మ బైబిల్ సంచి ఇంట్లోనే పెట్టేసి రామాలయం వీధికి వెళ్లింది, తనకు తెలిసిన ఇళ్లన్నిటికీ వెళ్లి "రాత్రి మా మనిషి మాట్లాడింది తప్పు, మీరు మనసులో పెట్టుకోవద్దు" అని చెప్పి వచ్చింది. ఆ వీధిలో ఒక పెద్దింటి కోడలు అమ్మకు ముప్పై ఏళ్ల స్నేహితురాలు. ఆవిడ ఇంట్లో పూజగది ఉంది, చివరి దాకా ఉంది. పిల్లల పరీక్షలకూ పెళ్లిళ్లకూ అమ్మను పిలిపించి ప్రార్థన చేయించుకునేది, అమ్మ పూజగది గడప ఇవతల కూర్చుని చేసేది, అయ్యాక ఇద్దరూ కాఫీ తాగేవాళ్లు. ఆవిడకు బాప్తిస్మం ఇప్పించలేకపోయావే అని అప్పటి పాస్టరు ఒకాయన దెప్పితే అమ్మ ఏమీ అనలేదు. నాతో మాత్రం అంది: "ఆమె ప్రభువును అడుగుతుంది, ప్రభువు ఆమెకు జవాబిస్తాడు, మధ్యలో నా లెక్క ఎందుకు?" అమ్మ పోయిన రోజు ఆవిడ మన మందిరంలో మొదటి వరసలో కూర్చుంది, మీరంతా చూశారు. ఫిబ్రవరి సభల్లో ఆ ప్రసంగీకుడు అలాంటి మాటే అంటే ఆవిడ ఇంటికి ఈసారి ఎవరు వెళ్తారు?

ఇక అసలు విషయానికి వస్తాను. అమ్మ రిటైరయ్యాక ఆ ఉద్యోగంలో ఎవరినీ వేయలేదు. నిధులు లేవన్నారు. ఆ తర్వాత మందిరానికి ఏసీలు వచ్చాయి, కొత్త సౌండ్ సిస్టం వచ్చింది, డ్రమ్స్ వచ్చాయి, లైవ్ పెట్టటానికి కెమెరా వచ్చింది. వద్దని నేను అనను, దూరాన ఉన్న నాలాంటి వాళ్లం ఆదివారం ఆ లైవ్ చూసే ఆరాధనలో పాల్గొంటున్నాం. కానీ పల్లెలో మంచాన పడ్డ ముసలివాళ్లను చూసొచ్చే మనిషి లేదు. తాగొచ్చి కొట్టే మొగుడి సంగతి ఎవరితో చెప్పుకోవాలో తెలీని కోడలికి వినే మనిషి లేదు. పాస్టరు అయ్యగారు ఒక్కరే ఎన్ని ఇళ్లకని వెళ్తారు, వెళ్లినా ఆడవాళ్లు ఆయనతో ఎంతని చెప్పుకుంటారు?

ఆడవాళ్ల పనిని పక్కన పెట్టటం మన మూలాల్లో లేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థన చేసింది అయిదుగురు. మిషనరీ జూవెట్ దొరగారు, దొరసాని, నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు, అందులో ఇద్దరు మన తెలుగువాళ్లు. తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లి అక్కడ సువార్త విని వచ్చాడని అందరం చెప్పుకుంటాం, 1866లో ఆయనతో పాటు బాప్తిస్మం తీసుకుని ఇల్లూ వాకిలీ చూసుకుంటూనే సువార్త పనిలో నిలబడిన భార్య నాగమ్మ పేరు ఎన్ని ప్రసంగాల్లో విన్నారు? బైబిల్లో తన పత్రికలు రాసిన పౌలు మాత్రం ఆడవాళ్లను మర్చిపోలేదు. కెంక్రేయ సంఘంలో ఫీబే పేరు రాశాడు, ప్రిస్కిల్ల పేరు రాశాడు, తిమోతికి రాసేటప్పుడు నీ విశ్వాసం ముందు మీ అవ్వ లోయిలో, మీ అమ్మ యునీకేలో ఉందని ఇద్దరి పేర్లూ రాశాడు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు 2013లో నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత గారిని బిషప్‌ను చేశారు, మన రాయలసీమ ఆడబిడ్డను. మనం ఒక బైబిల్ ఉమెన్ ఉద్యోగం కూడా నిలబెట్టుకోలేకపోయాం.

కాబట్టి నేను అడిగేది ఇది. సభల ఎస్టిమేట్ మూడు లక్షలు దాటిందని విన్నాను, టెంటు, సౌండు, ప్రసంగీకుడి కానుక, పోస్టర్లు, భోజనాలు కలిపి. ఆ డబ్బుతో బైబిల్ ఉమెన్ పోస్టు మళ్లీ మొదలుపెట్టండి. మొదటి ఏడాది జీతం అందులోంచే వస్తుంది. రెండో ఏడాది నుంచి సగం జీతం నేనూ తమ్ముడూ ప్రతి నెలా మందిరం అకౌంట్‌కే పంపుతాం, మిగతా సగం సంఘం బడ్జెట్‌లో రాసుకోవాలి. గౌరవ వేతనం అని చెప్పి చిల్లర చేతిలో పెట్టటం కాదు, పాస్టరుకు ఇచ్చినట్టే నెలనెలా రసీదు మీద ఇవ్వాలి, బస్సు ఖర్చులు విడిగా ఇవ్వాలి. మనిషిని స్త్రీల సమాజమే ఎన్నుకోవాలి. జీతం లేకుండానే ఆ పని ఇప్పటికే చేస్తున్న ఆమె ఎవరో అక్కలందరికీ తెలుసు, పేరు రాసి ఆమెను ఇబ్బంది పెట్టను. ఆమెకు బీపీ మిషన్ చూడటం, ఏ జబ్బుకు ఎక్కడికి పంపాలి లాంటివి నేర్పించే బాధ్యత నాది, సెలవు పెట్టుకుని వచ్చి నేర్పిస్తాను.

అమ్మను తలుచుకోవాలంటే ఫిబ్రవరిలో ఒక్క సాయంత్రం చాలు. మందిరం వాకిట్లో చాపలు వేసి, మైకు లేకుండా, అమ్మ ఎరిగిన వాళ్లను పిలుద్దాం, రామాలయం వీధి వాళ్లను కూడా. ఎవరికి గుర్తున్నది వాళ్లు చెప్తారు. పొగాకు పనుల రోజులు కాబట్టి చీకటి పడ్డాక పెడితే బ్యారన్‌కు వెళ్లే ఆడవాళ్లు కూడా రాగలుగుతారు. టీ ఖర్చు మాది.

పోస్టర్ మాత్రం ప్రింటుకు పంపొద్దు. అమ్మ ఫోటో వాడటానికి మా కుటుంబం ఒప్పుకోదు, తమ్ముడూ నేనూ మాట్లాడుకునే రాస్తున్నాం. ఇప్పటికే చందా ఇచ్చినవాళ్లకు డబ్బు దేనికి మళ్లుతుందో చెప్పి, ఇష్టం లేనివాళ్లకు తిరిగి ఇచ్చేయండి. ఈ ఉత్తరాన్ని వచ్చే కమిటీ మీటింగ్‌లో అజెండాలో పెట్టి, అవునో కాదో మీ జవాబు ఆదివారం ప్రకటనల్లో చదివించండి. లైవ్‌లో చూస్తుంటాను.

ఇట్లు,
మీ సంఘంలో పుట్టి పెరిగిన ఆడబిడ్డ